బొక్కెనలో ఎక్కిన బరువు

సాయంత్రం పని దిగే వేళ కలప యార్డులో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూశారు. అంత ఎత్తున, క్రేను క్యాబిన్ అడుగు నుంచి రెండు కాళ్లు వేలాడుతున్నాయి. అవి నిచ్చెన మెట్టు కోసం వెతుక్కున్నాయి. మెట్టు దొరికింది కూడా. కానీ కాళ్ల వెనక రావలసిన మనిషి మాత్రం రావడం లేదు.

ఆ కాళ్లు గద్దవి. క్రేను నడిపే మనిషికి యార్డులో ఉన్న పేరది. పైన కూర్చుంటాడు, కిందికి చూస్తాడు, పలకడు. అందుకని ఎవరో అలా పిలిచారు, అదే ఖాయమైంది. ఆ రోజుల్లో మనిషీ గద్దలాగే ఉండేవాడు. ఎముకలూ ముక్కూ తప్ప మరేమీ కనిపించేది కాదు. ఏళ్లు గడిచాయి. పేరు గద్ద దగ్గరే ఆగిపోయింది. మనిషి పక్షిజాతి దాటి ఎప్పుడో ముందుకు పోయాడు.

క్యాబిన్ నేలలో నలుచదరంగా ఒక కంత ఉంటుంది, దాని చుట్టూ ఇనుప చట్రం. నిచ్చెన ఎక్కి ఆ కంతలోంచి లోపలికి దూరాలి, దిగేటప్పుడూ అందులోంచే దిగాలి. దొడ్డిదారి లేదు. ఆ పూట గద్ద నడుము దాకా సాఫీగానే దిగాడు. బొడ్డు దగ్గర చట్రం పట్టుకుంది.

"ఊపిరి వదలరా!" అని కింద నుంచి కేకేసింది జెండా అక్క.

"వదిలేశానక్కా! ఇంక లోపలేం లేదు!"

"లేకపోవడమేంట్రా, కనిపిస్తుంటే!"

"పొట్టని పైనే వదిలేసి రా అన్నా," అన్నాడు రంపం మిషను దగ్గరివాడు. "రేపు పొద్దున ఎక్కేటప్పుడు తగిలించుకుందువు గానీ."

చివరికి చొక్కా గుండీలు, కొంత చర్మం చట్రానికి సమర్పించుకుని గద్ద నేల మీదికి దిగాడు. దిగినవాడి ముఖంలోకి ఎవరూ సూటిగా చూడలేదు. నవ్వు ఆపుకోవడానికి అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చింది.

మేస్త్రీ మాత్రం నవ్వలేదు. "వర్షాలు వెలిశాక తనిఖీ ఆఫీసరు వస్తున్నాడు," అన్నాడు. "నడుముకి బెల్టు కట్టుకుని, ఆయన చూస్తుండగా, ఆ కంతలోంచి ఎక్కి దిగాలి. ఇరుక్కున్నావో, సీటు పోతుంది. గేటు దగ్గర కర్ర ఎత్తే పని ఇస్తాను. నా చేతిలో ఏం లేదయ్యా."

మేస్త్రీ పొట్ట కూడా తక్కువదేం కాదు. కాకపోతే నేల మీద తిరిగేవాడి పొట్టను కొలిచే కంతలు ఎక్కడా ఉండవు.

గద్దకు అన్నిటికన్నా భయం ఆ గేటంటేనే. గేటు దగ్గర కూర్చున్నవాడు వచ్చే పోయే ప్రతి లారీ డ్రైవరుతోనూ మాట్లాడాలి. బాగున్నారా అనాలి, ఎండ మండిపోతోంది అనాలి, వాళ్ల అల్లుళ్ల సంగతులు వినాలి. పైన ఆ బాధ లేదు. పైన గాలి, కింద సరుకు, మధ్యలో జెండా అక్క చేతులు. ఆవిడ కింద నిలబడి చేతులతో సైగ చేస్తుంది, ఇతను పైనుంచి దుంగల కట్టను ఎత్తి, తిప్పి, లారీలో పెడతాడు. ఒకప్పుడు ఆవిడ చేతిలో జెండా ఉండేది, అది చిరిగిపోయింది, పేరు మిగిలింది. చెయ్యి పైకి తిప్పితే ఎత్తు. కిందికి తిప్పితే దించు. ఒక అరచేయి బోర్లించి పట్టి దాని కింద వేలు ఆడిస్తే, నెమ్మదిగా. రెండు చేతులూ పొట్ట ముందు కట్టుకుంటే పనైపోయింది, ఇక చాలు. ఇన్నేళ్లలో ఆ ఇద్దరి మధ్యా మాటగా దొర్లింది తక్కువ, అర్థం కానిది అసలే లేదు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దుంగను దించుతాడని గద్దకు పేరు. ఆ పేరు గేటు దగ్గర ఏ కర్రకు చెప్పుకుంటాడు?

మర్నాడు కంపెనీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. చిన్న గది, ఒక తెర, ఒక బల్ల.

"ఏం తింటారు?" అంది డాక్టరమ్మ.

"మామూలేనమ్మా. మధ్యాహ్నం డబ్బా, రాత్రి ఇంట్లో భోజనం."

"మధ్యలో?"

"మధ్యలో ఏం తిననమ్మా."

అబద్ధం చెబుతున్నానని అతనికి తెలియదు. అతని లెక్కలో కంచం ముందు కూర్చుని, తిన్నాక చేయి కడుక్కుంటేనే తిండి. క్యాబిన్ కిటికీ నుంచి తాడు కట్టి ఒక బొక్కెన వేలాడుతుంటుంది. టీకని మనిషి దిగి ఎక్కితే క్రేను ఆగిపోతుందని మేస్త్రీయే ఒకప్పుడు ఆ ఏర్పాటు చేశాడు. టీ వస్తుంది. ఒట్టి టీ ఎలా పంపుతాం అని క్యాంటీను పెద్దమ్మ రెండు బన్నులు పెడుతుంది. రంపం మిషను దగ్గరివాడు వేయించిన పల్లీలు పోస్తాడు. తన లారీకి ముందు సరుకు ఎత్తాలని ఒక డ్రైవరు బిస్కెట్లు పెడితే, ఆ బిస్కెట్లు చూసి ఇంకో డ్రైవరు కేకు ముక్క పెడతాడు. దుంగకీ దుంగకీ మధ్య చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఖాళీ చెయ్యి ఎటు పోతుంది? బొక్కెనలోకి పోతుంది. రోజంతా ఆ బొక్కెన నిండుగా ఎక్కేది, ఖాళీగా దిగేది. అలా ఎక్కినదంతా ఎక్కడికి పోయిందో యార్డులో ఎవరూ ఆలోచించలేదు. గద్ద అసలే ఆలోచించలేదు.

"ఒక్కసారిగా తగ్గిపోవాలని చూడకండి," అంది డాక్టరమ్మ. "కడుపు మాడ్చుకోవద్దు. ఒక్క అలవాటు ఎంచుకోండి, దాన్ని మార్చండి. అది ఒంటికి పట్టాక ఇంకోటి. కాస్త ఒళ్లు కదపండి, నిద్ర పోగొట్టుకోకండి. తగ్గడం నెమ్మదిగానే ఉంటుంది, కంగారు పడొద్దు."

ఆవిడ ఇంకా ఏదో చెబుతుందని గద్ద కాసేపు నిలబడ్డాడు. డాక్టరమ్మ తర్వాతి మనిషిని పిలిచింది.

ఇంటికొచ్చాక భార్య అడిగింది. "మందేం రాసింది?"

"రాయలేదు."

"సూదేసిందా?"

"లేదు."

"ఫలానాది తినకూడదని చెప్పిందా పోనీ?"

"అదీ చెప్పలేదు. నెమ్మదిగా తగ్గమంది."

"నెమ్మదిగా తగ్గమనడానికి డాక్టరెందుకయ్యా, ఆ మాట నేను చెప్పనా? అంత చదువు చదివి ఇదా చెప్పేది! ఉండు, తమ్ముడికి కబురు పెడతాను."

తలుపు తట్టకుండా ఇంట్లోకి వచ్చేవి రెండే, గాలీ బావమరిదీ. ఈ బావమరిది అదే యార్డులో రెండో పూట క్రేను నడుపుతాడు. చీపురుపుల్ల లాంటి మనిషి. ఆ కంతలోంచి గొడుగు తెరిచి పట్టుకుని కూడా దిగగలడు. తీరిక వేళల్లో సన్నబడే పొడి డబ్బాలు అమ్ముతాడు. గద్ద గేటుకు పోతే పగటి పూట సీటు అతనిదే. కాబట్టి మేలు కోరేవాడూ సీటు కోరేవాడూ ఒక్కడే కావడం గద్ద అదృష్టం.

"బావా, నువ్విక దిగులు పడకు," అన్నాడు డబ్బా బల్ల మీద పెట్టి. "పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు. మధ్యలో గాలి పీల్చుకో, దానికి అడ్డులేదు."

"నువ్వు తాగుతావా దీన్ని?"

"నాకేం అవసరం బావా, నేను సన్నగానే ఉన్నాగా! చూశావా, అమ్మితేనే ఇంత పనిచేసింది. తాగితే ఇంకెంత పనిచేస్తుందో ఆలోచించు."

ఆ పొడి నీళ్లలో కలిపితే సిమెంటు రంగుకు వచ్చేది. రుచి కూడా రంగుకు అన్యాయం చేసేది కాదు. గద్ద మూడు పూటలా అదే తాగాడు. మధ్యాహ్నం డబ్బా మానేశాడు, రాత్రి కంచం మానేశాడు. భార్య ఎదురుగా కూర్చుని తను భోంచేస్తూ, "బాగా తగ్గుతున్నావు, ముఖంలో కళ పోయింది," అని సంతోషపడేది.

గద్ద తగ్గాలనుకుంటున్నాడని తెలిశాక యార్డంతా వైద్యశాల అయిపోయింది. ఒకడు పరగడుపున వేడినీళ్లన్నాడు. ఇంకొకడు నీళ్లే ఒళ్లన్నాడు, నీళ్లు మానెయ్యమన్నాడు. రంపం మిషను దగ్గరివాడు పళ్లే తినమన్నాడు. వెల్డరు పళ్లలో ఉన్నదంతా చక్కెరే అన్నాడు, వెనక్కి నడిస్తే కొవ్వుకు దారి తప్పుతుందన్నాడు. చెప్పినవాళ్లలో లావు తగ్గి చూపించినవాడు ఒక్కడూ లేడు. సన్నగా ఉన్నవాళ్లు పుట్టుకతో సన్నగా ఉన్నవాళ్లు, లావుగా ఉన్నవాళ్లు రేపటి నుంచి మొదలుపెట్టబోయేవాళ్లు. గద్ద అందరి మాటా విని తలూపాడు. తలూపడం ఒక్కటే ఖర్చులేని వ్యాయామం.

బొక్కెన మాత్రం ఎక్కుతూనే ఉంది. అసలు ఇంకాస్త బరువుగా ఎక్కుతోంది. "పాపం, అన్నం మానేశాడట," అని పెద్దమ్మ ఒక బన్ను ఎక్కువ పెడుతోంది.

పొడి మొదలయ్యాక మేస్త్రీకి ఒక ఆలోచన వచ్చింది. "తూకం లేని తగ్గుదలేంటయ్యా? మనది కలప యార్డు. అంత క్రేను పెట్టుకుని వేరే తక్కెడ ఎందుకు?"

క్రేను కొక్కేనికి తగిలించిన సరుకు ఎంత బరువుందో పైన క్యాబిన్‌లో ఎర్ర అంకెలు చూపిస్తాయి. ఒక పెద్ద చెక్కపెట్టె తెచ్చారు, అందులో గద్దను నిలబెట్టారు. బావమరిదిని పనివేళ కన్నా ముందే రప్పించి పైకి ఎక్కించారు. క్రేను కాలు మీద, మనుషులు కొక్కేనికి వేలాడరాదు అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. జెండా అక్క దాన్ని వేలితో చూపించింది.

"అది మనుషుల గురించి రాసింది," అన్నాడు మేస్త్రీ. "ఇప్పుడితను సరుకు. నేల మీద నుంచి బెత్తెడు లేపితే ఏం కాదు."

పెట్టె బెత్తెడు లేచింది. బావమరిది పైనుంచి బరువు కేకేశాడు. ఆ కేక రోడ్డు అవతలి ఇళ్లదాకా వినిపించింది. గద్ద పెట్టె పట్టీల మధ్య నుంచి బయటికి చూస్తూ, సంతకు తోలిన దున్నపోతుకు కూడా ఇంతకన్నా మర్యాద జరుగుతుంది కదా అనుకున్నాడు.

అది మొదలు రోజూ పొద్దున పనికి ముందు తూకం. దుంగలు తూచే యంత్రానికి చిల్లర లెక్క తెలియదు. పది కిలోల లోపు దేన్నీ అది పట్టించుకోదు. గద్ద కడుపు మాడ్చుకుని రోజూ పెట్టెలో నిలబడడం, బావమరిది రోజూ అదే అంకె కేకవెయ్యడం, జనం రోజూ ఉసూరుమనడం. ఆ ఉసూరు విని గద్దకు మరీ ఆకలేసేది. ఆకలేస్తే బొక్కెన ఉండనే ఉంది.

తర్వాత వానలు తెరిపిచ్చాయి, వరసగా ఎండలు కాశాయి. అలాంటి ఒక పొద్దున బావమరిది కిటికీలోంచి సగం బయటికి వచ్చి అరిచాడు.

"పది తగ్గాడు! మా బావ పది కిలోలు తగ్గాడు!"

యార్డు దద్దరిల్లింది. మేస్త్రీ గద్ద వీపు చరిచాడు. పెద్దమ్మ సంతోషం పట్టలేక కేకు పంపింది. బావమరిది డబ్బాలన్నీ ఆ మధ్యాహ్నానికే అయిపోయాయి. వెనక్కి నడవమన్న వెల్డరు కూడా ఒకటి తీసుకున్నాడు. గద్ద తన ప్యాంటు నడుము పట్టుకుని చూసుకున్నాడు. నిన్న ఎంత బిగుతో అంతే బిగుతు. అయినా యంత్రం అబద్ధమాడుతుందా అనుకున్నాడు.

తర్వాతి రాత్రి కుండపోతగా వాన. మళ్లీ పొద్దున తూకం. బావమరిది అంకె చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసి కేకేశాడు. అందరి ముఖాలూ వాడిపోయాయి. పోయిన పదీ తిరిగొచ్చింది.

"ఒక్క రాత్రిలో పది కిలోలు తిన్నావా?" అన్నాడు మేస్త్రీ. "ఎక్కడ దొరికిందయ్యా అంత తిండి, ఆ వానలో?"

భార్య దాకా ఆ కబురు మధ్యాహ్నానికే చేరింది. ఆవిడ మరో రకంగా అడిగింది. "నాకు తెలియకుండా ఎక్కడ భోంచేస్తున్నావు? ఎవరామె?"

పెట్టె నుంచి నీళ్లు కారుతున్నాయి. చెక్క తడిస్తే బరువెక్కుతుందని, ఎండితే తేలికవుతుందని ఆ యార్డులో తెలియనివాడు లేడు. తడి దుంగకు ఎంత తీసెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ కలపతో పుట్టి పెరిగిన అంతమందిలో ఆ పొద్దున ఒక్కడికీ అది తట్టలేదు. అందరూ గద్ద పొట్ట వైపే చూస్తున్నారు.

గద్దకు మాత్రం తట్టింది, పెట్టె పట్టీ పట్టుకున్న చెయ్యి తడిసినప్పుడు. నోరు తెరిచాడు. కానీ చుట్టూ అంతమంది ఒకేసారి మాట్లాడుతుంటే, మాట్లాడే అలవాటు లేనివాడికి సందు ఎక్కడ దొరుకుతుంది? మళ్లీ మూసుకున్నాడు.

ఆ కోపంలో ఆ రోజు బొక్కెన కూడా ముట్టలేదు. పొడి నీళ్లు తప్ప మరేమీ తీసుకోకుండా సీట్లో కూర్చున్నాడు. ఎండ ఎక్కేసరికి ఎర్ర అంకెలు రెండుగా కనిపించాయి. పలకల కట్ట ఒకటి ఎత్తి లారీ మీదికి తిప్పాడు. జెండా అక్క అరచేయి బోర్లించి దాని కింద వేలు ఆడించింది. నెమ్మదిగా. అతని కంటికి నాలుగు చేతులు కనిపించాయి, వాటిలో ఏది నిజమో తేలలేదు. చెయ్యి జారింది. కట్ట ధడాలున దిగి, లారీ అంచుకు తగిలి, జెండా అక్క నిలబడ్డ చోటికి జానెడు అవతల నేలలో దిగబడింది.

యార్డులో రంపాలన్నీ ఆగిపోయాయి.

జెండా అక్క దుమ్ము దులుపుకుంది. నిచ్చెన దాకా నడిచి వచ్చి, మెట్టు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. కంతలోంచి తల పైకి పెట్టింది. ఇన్నేళ్లలో ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు.

"ఏరా, నా మీద కోపమేమైనా ఉందా?"

"అక్కా..."

"కడుపు కాలుతున్నవాడి చేతికింద నేను నిలబడను. తిని నడుపు, లేదా దిగిపో." ఆవిడ చూపు సీటు పక్కకు పోయింది. అక్కడ పల్లీల పొట్టు, బిస్కెట్ కాగితాలు, బన్నుల తాలూకు పొడి పిట్టగూడులా పేరుకుని ఉన్నాయి. ఆవిడ ఒక కాగితం తీసి చూసింది. "ఇదంతా ఏంట్రా?"

"అదా? అది ఊరికే. బొక్కెనలో వస్తుంది."

"ఊరికే వస్తే ఊరికే పోతుందా?" అని ఆవిడ దిగిపోయింది.

గద్ద ఆ పొట్టు కుప్ప వైపు చూస్తూ కూర్చున్నాడు. డాక్టరమ్మ, మధ్యలో ఏం తింటారని అడిగిన మాట అప్పుడు చెవిన పడింది. ఎన్నాళ్లో ముందు విన్న మాట ఆ రోజు చేరింది. ఒక్క అలవాటు అందావిడ. ఒక్కటే.

సాయంత్రం దిగేటప్పుడు బొక్కెనను లోపలికి లాగి, తాడు విప్పి, చుట్ట చుట్టి, రెండింటినీ సీటు కింద పడేశాడు. ఇంటికెళ్లి పొడి డబ్బా మూత పెట్టి, "అన్నం పెట్టు," అన్నాడు.

భార్య కంగారు పడింది. "మానేశావా? మరి తగ్గడం?"

"తింటూ తగ్గుతాను."

"తింటూ తగ్గినవాణ్ని ఎక్కడైనా చూశావా?"

"తినక తగ్గినవాణ్నీ చూడలేదు. పెట్టు."

మర్నాటి నుంచి ఒకటే నియమం. తినేదేదైనా కిందికి దిగి తినాలి. ఇంకేమీ మార్చలేదు. మధ్యాహ్నం డబ్బా అదే, రాత్రి కంచం అదే. కానీ టీ కావాలంటే కంత, నిచ్చెన, మళ్లీ నిచ్చెన, మళ్లీ కంత. పల్లీలు కావాలన్నా అంతే. గద్ద స్వభావంలో తిండి మీద ప్రీతి ఎంతుందో, ఒళ్లు కదపడం మీద విముఖత అంతకన్నా ఎక్కువుంది. ఇన్నాళ్లూ ఆ రెండూ ఒకదానికొకటి వత్తాసు పలికాయి. ఇప్పుడు ఒకదాని మీదికి ఇంకొకదాన్ని ఉసిగొల్పి కూర్చున్నాడు. పల్లీలు గుర్తొచ్చేవి. లేవబోయేవాడు. కంత వైపు చూసేవాడు. అంత అవసరమా అనుకుని మళ్లీ కూర్చునేవాడు. మరీ ఉండలేనప్పుడు దిగేవాడు. దిగి, తిని, ఎక్కేసరికి ఆయాసం వచ్చేది, ఆ ఆయాసానికి తర్వాతి ఆకలి జడిసి కాసేపు దూరంగా ఉండేది.

యార్డుకు అది నచ్చలేదు. పెద్దమ్మ అలిగింది. "నా బన్ను చేదైందా?" అంది.

"లేదు పెద్దమ్మా. కిందికొచ్చి తింటాను."

"కిందికొస్తే ఒకటే తింటున్నావు. పైకి పంపితే నాలుగు తినేవాడివి. కింద నేనేం విషం కలిపానా?"

బావమరిది ఇంకా నొచ్చుకున్నాడు. "బావా, ఏం పొడి లేకుండా తగ్గావంటే నా పరువేం కావాలి? కనీసం తాగుతున్నట్టు నటించు."

తూకం కూడా మానేశాడు. మేస్త్రీ అడిగితే, "సరుకు తగ్గలేదు లెండి," అన్నాడు. మేస్త్రీ అతని మీద ఆశ వదులుకున్నాడు. కొన్నాళ్లకు డబ్బా తిన్నాక గద్ద యార్డు చుట్టూ ఒక చుట్టు తిరగడం మొదలుపెట్టాడు. దుంగల మధ్య నీడ పట్టున, చేతులు వెనక్కి కట్టుకుని, దూడను వెతుక్కునేవాడిలా. ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ సలహాలొస్తాయి. ప్యాంటు నడుము కాస్త కాస్తగా మాట వినసాగింది. దిగేటప్పుడు చట్రం ఇంకా గీరుకునేది, కానీ ఒకప్పుడు కరిచేది, ఇప్పుడు నాకుతోంది.

వర్షాలు వెలిశాయి. తనిఖీ రోజు వచ్చింది. దానికి ముందు యార్డుకు రెండు రోజులు సెలవు.

ఆఫీసరు కింద నిలబడి కాగితం పట్టుకున్నాడు. పక్కన మేస్త్రీ, ఆ వెనక యార్డంతా. గద్ద నడుముకు బెల్టు బిగించి నిచ్చెన ఎక్కాడు. కంత దగ్గరికి వచ్చాడు. గేటు కర్ర కళ్లముందు ఆడింది. ఊపిరి వదిలి, కళ్లు మూసుకుని, పైకి దూకినట్టు లేచాడు. చట్రం తగల్లేదు. లోపలికి పోయాడు. మళ్లీ దిగాడు. బెల్టు కూడా తగల్లేదు. మళ్లీ పైకి పోయాడు.

"బాగుంది," అని ఆఫీసరు సంతకం పెట్టి వెళ్లిపోయాడు. కింద చప్పట్లు. బావమరిది అప్పుడే కొత్త డబ్బాల సంచి విప్పుతున్నాడు. "చూశారా! పొడి ఆలస్యంగా పనిచేస్తుంది, కానీ పనిచేస్తుంది!"

గద్ద సీట్లో కూర్చుని చెమట తుడుచుకున్నాడు. నవ్వు వస్తోంది. ఒకసారి తను గెలిచిన కంతను చూసుకుందామని వంగాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. చట్రం కొత్తది. అంచుల్లో వెల్డింగు చేసిన మచ్చలు, వాటి మీద ఇంకా వాసన పోని పెయింటు. ఏనుగు కూడా దూరేంత చేశారు.

కిటికీలోంచి తల పెట్టి చూశాడు. మేస్త్రీ కింద నుంచి కన్ను గీటాడు. వెల్డరు పక్కకు తిరిగి బీడీ ముట్టించుకుంటున్నాడు. మనిషిని తగ్గించడం కన్నా కంతను పెంచడం తేలికని మేస్త్రీకి సెలవు రోజుల్లో తోచింది. మంచి మనసుతోనే చేశాడు. సీటు నిలిచింది. కానీ గద్దకు మాత్రం, పరీక్ష రాద్దామని చదివి వెళ్తే అందరినీ పాస్ చేశామని చెప్పి పంపేసినట్టుంది. ఇన్నాళ్లూ దిగిన నిచ్చెన, వదులుకున్న పల్లీలు, పెద్దమ్మ అలక, అంతా దేనికైనట్టు? తను తగ్గాడా? కంత పెరిగిందా? ఎవరు చెబుతారు?

పైనుంచి చూసేవాడికి యార్డంతా కనిపిస్తుంది. పాత ఇనుము పడేసే మూల, తుప్పు కుప్ప మీద, నలుచదరంగా ఒకటి కనిపించింది. కోసి పారేసిన పాత చట్రం.

గద్ద చేయి చాచి ఆ మూల చూపించాడు. జెండా అక్క అటు చూసింది, ఇతని వైపు చూసింది. నడిచి వెళ్లి చట్రానికి కొక్కెం తగిలించింది, చెయ్యి పైకి తిప్పింది. గద్ద దాన్ని ఎత్తి, తిప్పి, నిచ్చెన పాదం దగ్గర, దుంగల నీడలో, చప్పుడు కాకుండా దించాడు.

మధ్యాహ్నం జెండా అక్క తప్ప అందరూ తిండికి పోయాక దిగాడు. చట్రం రెండు చేతులా ఎత్తి తల మీంచి వేసుకున్నాడు. భుజాలు దాటింది. ఛాతీ దాటింది. బొడ్డు దగ్గర ఆగింది. జెండా అక్క ఎదురుగా నిలబడి, అరచేయి బోర్లించి, దాని కింద వేలు ఆడించింది. గద్ద ఊపిరి వదిలాడు, వదిలి మళ్లీ పీల్చలేదు. చట్రం కాస్త కదిలింది. ఇంకాస్త. చొక్కా గుండీ ఒకటి టప్పున ఎగిరిపోయింది. ఆ తర్వాత ఇనుము తుంటి మీదుగా జారి, తొడలు దాటి, పాదాల చుట్టూ నేల మీద పడింది.

జెండా అక్క రెండు చేతులూ పొట్ట ముందు కట్టుకుంది.

గద్ద చట్రంలోంచి బయటికి అడుగు వేసి, గుండీ వెతుక్కుని జేబులో వేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కూడా రోజూ బొక్కెన దించకుండానే ఎక్కాడు, దిగాడు, యార్డు చుట్టూ తిరిగాడు. యార్డు అంతా మాత్రం పొడి గురించే మాట్లాడుకుంది.

చట్రం అక్కడే దుంగలకు ఆనించి ఉండిపోయింది. కొన్నాళ్లకు మేస్త్రీ కంట పడింది. "ఏంటిది? ఇందులో పట్టకనా అంత గొడవ చేశాడు?" అని నవ్వాడు. "ఇదెంత!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తుండగా తల మీంచి వేసుకున్నాడు. భుజాలు దాటింది. ఛాతీ దాటింది. పొట్ట మొదలయ్యే చోట ఆగి, ఇక పైకీ రానంది, కిందికీ పోనంది.

వెల్డరు అటూ ఇటూ చూసి, మంట పెట్టి కోస్తే మేస్త్రీ కూడా కోసుకుపోతాడేమోనన్నాడు. ఒకడు వేడినీళ్లన్నాడు. ఒకడు వెనక్కి నడవమన్నాడు. మేస్త్రీ చట్రంలో చేతులు రెండూ పైకెత్తి, రెక్కలు రాని పిట్టలా నిలబడ్డాడు. "మేస్త్రీగారూ, ఒక డబ్బా..." అని మొదలెట్టబోయిన బావమరిది నోరు జెండా అక్క చూపుకే మూసుకుంది.

పైన గద్ద సీటు కింద నుంచి తాడు చుట్ట తీశాడు, బొక్కెనకు కట్టాడు. క్రేను పళ్లచక్రాలకు పూసే గ్రీజు డబ్బా అందులో పెట్టాడు, పక్కన పాతగుడ్డ కూడా. కిటికీలోంచి వదిలాడు.

జెండా అక్క పైకి చూసి, అరచేయి బోర్లించి, దాని కింద వేలు ఆడించింది.

బొక్కెన నెమ్మదిగా దిగింది. ఇన్నేళ్లలో అది నిండుగా కిందికి దిగడం అదే మొదటిసారి.